నమలలేని రోజుల్లో వంట

ఆ రోజు మధ్యాహ్నం స్కూలు స్టాఫ్ రూములో కూర్చుని డబ్బా తెరిచాను. రెండు చపాతీలు, వంకాయ కూర. మొదటి చపాతీ మామూలుగానే తిన్నాను. రెండోది సగమయ్యేసరికి దవడ ఆగిపోయింది. నొప్పి లేదు, వాపు లేదు. నోట్లో ముద్ద ఉంది, నమిలే బలం మాత్రం లేదు. కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించాను. నాలుగుసార్లు కదిలి మళ్ళీ నిలిచిపోయింది. చివరికి గడ్డం కింద చెయ్యి పెట్టి పైకి నొక్కుతూ ఎలాగో మెత్తబరిచి, నీళ్ళతో మింగేశాను.

పక్కనున్న టీచరు "పంటి నొప్పా మేడం?" అనడిగింది. అవునన్నాను. ఇంకేమని చెప్పాలో నాకే తెలియలేదు.

అవి తొంభైల నడిమి రోజులు. నాకు ముప్పై నాలుగేళ్ళు. బెంగుళూరు నగర్తపేటలో ఒక పాత మేడ మీద రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్న అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నా భర్త నాగరాజు చిక్కపేటలో ఒక హోల్‌సేల్ చీరల కొట్లో పనిచేసేవారు. పొద్దున పోతే మళ్ళీ షట్టరు దించాకే ఇంటికి రావడం. మా అమ్మాయి హేమ అప్పుడు అయిదో తరగతి. మా అత్త రంగమ్మ మాతోనే ఉండేది. ఆమెది మడకశిర వైపు. పెళ్ళయి బెంగుళూరు వచ్చి ఎన్నేళ్ళయినా ఆమె మాటలో ఆ ఊరి యాస పోలేదు, మధ్యమధ్య కన్నడం చేరిందంతే. నేను ఇంటికి దగ్గరలోనే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని.

దవడ సంగతి మరిచిపోయేలోపే ఇంకొకటి వచ్చింది. హేమకు జడ వేస్తుంటే సగంలో చేతులు దిగిపోయేవి. బోర్డు మీద రెండు వరుసలు రాసేసరికి భుజాలు బరువెక్కేవి. చివరి పీరియడ్‌కల్లా గొంతు ముక్కులోంచి వస్తున్నట్టు మారిపోయేది. పిల్లలు నవ్వేవాళ్ళు. పొద్దున లేచేసరికి అన్నీ మామూలుగా ఉండేవి కాబట్టి, అలసటే అనుకునేదాన్ని. కొన్నాళ్ళకు సాయంత్రమైతే ఎడమ కనురెప్ప వాలిపోవడం మొదలైంది. రోడ్డు దాటుతుంటే ఒక ఆటో రెండుగా కనిపించి, ఏది నిజమో తెలియక నడిరోడ్డులో నిలబడిపోయాను.

మా వీధి చివర డాక్టరు "వీక్‌నెస్" అని బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్లు రాశాడు. కళ్ళ డాక్టరు అద్దాలు మార్చాడు. పొద్దున అపాయింట్‌మెంట్ తీసుకోవడం వల్ల అక్కడ నా రెప్ప మామూలుగానే తెరుచుకుని ఉంది. ఇంకొక పెద్ద క్లినిక్‌లో రక్తపరీక్షలన్నీ చేసి, "రిపోర్ట్స్ ఆల్ నార్మల్. ఇంట్లో ఏమైనా టెన్షనా?" అని అడిగారు. ఆ మాట విన్నాక బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. నాగరాజు కూడా ఆ మాటే నమ్ముతున్నారేమోనని నాకు అనుమానం.

ఇంట్లో నా కంచం మీద మా అత్త కన్ను పడింది. ఆమెకు కంచంలో అన్నం మిగిలితే కోపం.

"ఏమే సుశీలా, అన్నం అట్లే ఉండాది. తినకుంటే బలం యాడ్నుంచి వస్తాది?"

"నమలలేకపోతున్నానత్తా."

"ముప్పై నాలుగేండ్లకే నమిలేకి రాదా? నాకు పండ్లు సగం లేవు, నేను తింటాండ్లేదా?"

ఒక ఆదివారం మధ్యాహ్నం మా అత్త సంగటి చేసింది. మా వైపు రాగి సంగటి నమిలే తిండి కాదు. చిన్న ముద్ద తుంచి, చారులో ముంచి, నాలుక మీద పెట్టుకుని మింగేస్తారు. ఇదైతే దవడకు పని ఉండదు కదా అని ఆశగా కూర్చున్నాను. రెండు ముద్దలు దిగాయి. మూడోది గొంతులో నిలిచిపోయింది. అటు దిగదు, ఇటు రాదు. నీళ్ళు తాగితే ముక్కులోంచి బయటికొచ్చాయి. ఊపిరి అందలేదు. నాగరాజు నన్ను ముందుకు వంచి వీపు మీద గట్టిగా కొట్టారు. ఎన్నిసార్లు కొట్టారో తెలియదు, ముద్ద బయట పడింది. హేమ గోడకు ఆనుకుని ఏడుస్తోంది. మా అత్త తన కంచం పక్కకు తోసేసి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. చాలాసేపు నా మొహం చూసింది.

"నాగరాజా, ఇది సుమ్నే, ఊరికే వచ్చిన సుస్తు కాదప్పా. దీని కన్ను చూడు, ఎట్ల వాలిండాదో. రేపు నీ అంగడి లేకుంటే మానె. పెద్ద ఆస్పత్రికి పిల్చుకోని పో" అంది.

అంత సూటిగా అంతకుముందు నన్ను చూసినవాళ్ళు ఎవరూ లేరు.

మర్నాడు ఒక పెద్ద ఆసుపత్రిలో న్యూరాలజీ ఓ.పి.కి వెళ్ళాం. డాక్టరమ్మకు యాభై ఏళ్ళుంటాయేమో. కన్నడం, ఇంగ్లీషు, కొంచెం తెలుగు కలిపి మాట్లాడేవారు. ఆమె మొదట అడిగిన ప్రశ్నే వేరుగా ఉంది. "పొద్దున ఎలా ఉంటారు, సాయంత్రం ఎలా ఉంటారు? అది చెప్పండి." చెప్పాను. పెన్ను పైకి పట్టుకుని, రెప్ప కొట్టకుండా దాన్నే చూస్తూ ఉండమన్నారు. చూస్తుండగానే రెప్ప కిందికి దిగింది. అంకెలు పైకి లెక్కపెట్టమన్నారు. లెక్క పోనుపోను గొంతు ముక్కులోకి పోయింది. ఆమె తల ఊపి, పక్కనున్న జూనియర్‌తో "నియోస్టిగ్మిన్ టెస్ట్ చేద్దాం" అన్నారు.

చేతికి ఇంజెక్షన్ ఇచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. కొంతసేపటికి గది వెలుతురు పెరిగినట్టు అనిపించింది. పెరిగింది వెలుతురు కాదు, నా రెప్పే లేచింది. ఎదురుగా ఇద్దరుగా కనిపిస్తున్న నాగరాజు ఒక్కరయ్యారు. డాక్టరమ్మ వచ్చి చూసి, "నమిలేది ఏదైనా తినండి చూద్దాం" అన్నారు. నాగరాజు పరుగున వెళ్ళి ఆసుపత్రి ఎదుటి బేకరీలోంచి ఒక బన్ను తెచ్చారు. మొత్తం తిన్నాను. ఎన్నో వారాల తర్వాత చెయ్యి సాయం లేకుండా నమిలి తిన్న తిండి అది. తల ఎత్తేసరికి నాగరాజు కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నారు.

"ఇది టెన్షన్ కాదమ్మా" అన్నారు డాక్టరమ్మ. "మయస్థీనియా గ్రేవిస్ అంటారు. నరం నుంచి కండకు సిగ్నల్ సరిగా అందదు. వాడేకొద్దీ కండ అలిసిపోతుంది. రెస్ట్ ఇస్తే కొంచెం కోలుకుంటుంది. జ్వరంలాగా వచ్చి పోయేది కాదు, చాలా ఏళ్ళు ఉంటుంది. బట్ వుయ్ కెన్ ట్రీట్ ఇట్."

బస్సులో ఇంటికి వస్తుంటే ఇంజెక్షన్ బలం తగ్గి రెప్ప మళ్ళీ వాలింది. అయినా ఆ రోజు నాకు దుఃఖం కలగలేదు. నాకున్నది జబ్బేనని ఒకరు చెప్పారు, అది చాలనిపించింది.

తర్వాత నరాలు, కండల పనితీరు చూసే ఇ.ఎం.జి. చేశారు, ఛాతీకి సి.టి. స్కాన్ తీశారు. థైమస్ అనే గ్రంథి పెద్దదిగా ఉందని, కొన్నాళ్ళకు ఆపరేషన్ చేసి తీసేస్తే మంచిదని చెప్పారు. ఈలోగా పిరిడోస్టిగ్మిన్ మాత్రలు, తర్వాత ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. మాత్ర వేసుకున్న ముప్పావుగంటకు దవడకు బలం వచ్చేది. ఆ బలం ఉండగానే తినెయ్యాలి. "ఆకలేసినప్పుడు తినడం కాదు, మాత్ర పనిచేస్తున్నప్పుడు తినడం" అని డాక్టరమ్మ మళ్ళీమళ్ళీ చెప్పారు.

ఆ మాత్రలతో కొంచెం తేరుకుని స్కూలుకు మళ్ళీ వెళ్ళాను. ఇక గండం గడిచిందనుకున్నాం. ఆ చలికాలంలో హేమకు పట్టిన జలుబు నాకు అంటుకుంది. ఇంట్లో అందరికీ తగ్గింది, నాకు మాత్రం ఛాతీలోకి దిగింది. ఒక పొద్దున దిండు మీంచి తల ఎత్తలేకపోయాను. దగ్గు వస్తోంది, కానీ కఫాన్ని బయటికి తెచ్చే బలం లేదు. ఉమ్మి కూడా మింగలేక పెదవి చివర నుంచి కారుతోంది. "ఏమండీ" అని పిలిచానే గాని ఆ మాట నాకే వినపడలేదు. నా పక్కన పడుకున్న హేమ లేచి చూసి వాళ్ళ నాన్నను పిలుచుకొచ్చింది.

ఆటోలో తీసుకెళ్ళారు. ఎమర్జెన్సీలో ఎవరో "మయస్థీనిక్ క్రైసిస్, షిఫ్ట్ టు ఐ.సి.యు." అనడం విన్నాను. ఊపిరి తీసే కండలూ అలిసిపోయాయట, గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్‌కు కలిపారు. ముక్కులోంచి కడుపులోకి ఇంకొక గొట్టం, దాన్ని రైల్స్ ట్యూబ్ అంటారు. ఆ తర్వాతి రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. ప్లాస్మా మార్చడానికి తెచ్చిన మిషను చప్పుడు, నర్సు చల్లని చేతులు, నా ఊపిరి నాది కాదన్న భయం. రెప్పలు తెరవలేకపోవడంతో నిద్రపోతున్నాననుకుని అందరూ నా మంచం దగ్గరే అన్నీ మాట్లాడేవాళ్ళు. నేను అన్నీ వింటూనే ఉన్నాను.

కొంచెం తేరుకున్నాక ట్యూబులో ఇంటి నుంచి రాగి జావ తెచ్చి పోయవచ్చని అన్నారు. గుడ్డలో వడగట్టి, పలుకు లేకుండా తేవాలి. నాగరాజు కొట్టు నుంచి మెత్తటి మల్లు గుడ్డ తెచ్చి ఇస్తే మా అత్త అందులో వడగట్టి ఫ్లాస్కులో పోసుకుని, విజిటింగ్ టైముకు రోజూ వచ్చేది. నర్సు సిరంజితో ఆ జావను ముక్కు గొట్టంలోకి వదులుతుంటే మంచం పట్టె పట్టుకుని నిలబడి చూసేది. ఒకరోజు నర్సును అడిగింది.

"ఏమ్మా, దానికి రుచి తెలుస్తాదా?"

"లేదు అజ్జీ. నేరుగా కడుపులోకి పోతుంది."

"ఉప్పు వేసింటినే" అంది మా అత్త. తర్వాత కూడా రోజూ ఉప్పు వేసే తెచ్చేదట. నాగరాజు చెప్పారు.

వెంటిలేటర్ తీసి ఇంటికి వచ్చాక, కొన్ని నెలలు ఆగి థైమెక్టమీ చేశారు. ఎదురొమ్ము ఎముక కోసి ఆ థైమస్ గ్రంథిని తీసే ఆపరేషన్. "మర్నాడే మార్పు వస్తుందని ఎదురుచూడకండి. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు. బరువులు ఎత్తకూడదు" అన్నారు. స్టెరాయిడ్‌తో మొహం గుండ్రంగా ఉబ్బింది. పాత రవికలు ఒక్కటీ పట్టలేదు. మూడు పీరియడ్లు వరుసగా మాట్లాడే గొంతు ఇక రాదని తెలిసి, స్కూలు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. ఆ రోజు ఇంటికి వచ్చి నా సుద్దముక్కల డబ్బా హేమకు ఇచ్చేశాను.

అలా నాకు మిగిలింది వంటిల్లు. అక్కడా నిలబడలేను. మా వంటిల్లు పొడవుగా, ఇరుకుగా ఉండేది, ఒక్కటే చిన్న కిటికీ. పొయ్యి వెలిగించిన కాసేపటికి వేడికే నా చేతులు పడిపోయేవి. ఈ జబ్బుకు వేడి పడదు. ఆ సంగతి మాకు డాక్టరమ్మ చెప్పారు గానీ, దాన్ని ఇంట్లో ఒప్పించడం కష్టమైంది. మా అత్త దృష్టిలో జబ్బు మనిషికి పొగలు కక్కే తిండి పెట్టాలి. వేడి జావ తెచ్చి నా చేతికిచ్చేది. రెండు గుక్కలు తాగేసరికి నాలుక, దవడ సడలిపోయి మింగుడు పడేది కాదు. ఆరబెట్టి తాగితే హాయిగా దిగేది. ఆమెకు అది అర్థం కాలేదు.

"ఆరిపోయిన కూడు పెడితే ఊరోళ్ళు ఏమంటారే? కోడలికి చద్దిది పెడ్తాంది రంగమ్మ అనరా?"

"ఊరోళ్ళు చూడరత్తా."

"నేను చూస్తాండా కదా" అంది.

తర్వాతిసారి ఓ.పి.కి ఆమెనూ వెంట తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ఒక ఐసు ముక్కను గుడ్డలో చుట్టి, వాలిన నా రెప్ప మీద కొంతసేపు పెట్టి తీశారు. రెప్ప పైకి లేచింది. మా అత్త ఒంగి దగ్గరగా చూసింది. ఇంటికి వచ్చాక నా జావ గిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టి, విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

మా వీధిలో ఇనుప పని చేసే వర్క్‌షాపులుండేవి. పొయ్యి గట్టు ఎత్తుకు సరిపోయేలా వీపు ఆనుకునే ఒక ఎత్తు పీట చేయించి తెచ్చారు నాగరాజు. దాని మీద కూర్చుని, మోచేతులు గట్టు మీద ఆనిస్తే చేతులు చాలాసేపు పనిచేసేవి. పొద్దున మాత్ర వేసుకుని, దాని బలం వచ్చాక వంటింట్లోకి వెళ్ళేదాన్ని. రోజు మొత్తానికి నాకున్న సత్తువ ఆ గంటలోనే. రాత్రికి కావలసింది కూడా అప్పుడే చేసి పెట్టేదాన్ని. సాయంత్రం వండుదామని వదిలేస్తే ఆ పూట పస్తే.

అప్పటి నా వంట ఇలా ఉండేది. కడిగిన బియ్యంలో సగం పెసరపప్పు కలిపి, తురిమిన సొరకాయో, సీమె వంకాయో, గుమ్మడికాయో వేసి, మామూలు కన్నా రెట్టింపు నీళ్ళు పోసి కుక్కర్లో పెట్టేదాన్ని. విజిల్స్ ఎక్కువ రానిచ్చి, దింపాక గరిటెతో మెదిపి, నెయ్యి, జీలకర్ర పొడి. ఒకే కుక్కర్లో అన్నం, పప్పు, కూర అయిపోయేవి. కాయ కోయడానికి కూర్చునే చోటే చిన్న బల్ల. తురమడానికి చేతులు రాని రోజున ముక్కలుగా వేసి, ఉడికాక మెదిపితే సరిపోయేది. పాలకూర, చక్రవర్తి కూర అయితే కాడలు తీసి ఆకు మాత్రమే వేసేదాన్ని. కాడల్లోని నారలు గొంతుకు అడ్డం పడేవి. ఆవాలు, కరివేపాకు కూడా అంతే, ఒక్క ఆవగింజ చాలు దగ్గు రావడానికి.

"ఆవాలు లేకుండా తిరగవాతేమిటే? మాంసానికి ఉప్పు మర్చిపోయినట్ల" అని మా అత్త గొణిగేది. అందరికీ విడిగా ఆవాల తిరగవాత పెట్టుకునేది, నా గిన్నె మాత్రం ముందే తీసి పక్కన పెట్టేది.

నీళ్ళలా పలచగా ఉన్నవి ముక్కులోకి వచ్చేవి, పొడిపొడిగా ఉన్నవి గొంతులో పట్టేవి. ఆ రెంటికీ మధ్య చిక్కదనం పట్టుకోవడం నేర్చుకున్నాను. జావ గరిటెలోంచి జారాలి, కారకూడదు. ఇడ్లీ తుంచి పప్పుచారులో బాగా నానబెడితే తినగలిగేదాన్ని. కోడిగుడ్డు పొరటు పొడిగా కాకుండా పాలు పోసి సన్నటి మంట మీద ముద్దగా చేసుకునేదాన్ని. స్టెరాయిడ్ వల్ల ఉప్పు తగ్గించమన్నారు, ఊరగాయ, అప్పడం మానేశాను. ఎముకలకు మంచిదని రాగి, పెరుగు పెంచాను. తినేటప్పుడు మాట్లాడకూడదు, గడ్డం కొంచెం కిందికి దించి మింగాలి. హేమ స్కూలు కబుర్లు చెప్పబోయి, నేను తింటున్నానని గుర్తొచ్చి ఆగిపోయేది. నేను గిన్నె కింద పెట్టాక మొదలుపెట్టేది.

ఒక ఉగాదికి మాత్రం నేను మొండిగా ఒబ్బట్లు చేస్తానని కూర్చున్నాను. రెండేళ్ళుగా హేమ పక్కింటివాళ్ళు ఇచ్చిన ఒబ్బట్లే తింటోంది. పూర్ణం రుబ్బి, పిండి కలిపి, పీట వదిలి పెనం దగ్గర నిలబడ్డాను. ఎండ మండుతోంది, పెనం మండుతోంది. కొన్ని కాల్చాక అట్లకాడ చేతిలోంచి జారిపోయింది. మోకాళ్ళు వంగి, గట్టు పట్టుకుని మెల్లగా నేల మీదికి జారాను. మా అత్త వచ్చి ముందు గ్యాస్ ఆర్పింది. తర్వాత నా పక్కనే నేల మీద కూర్చుని తన కొంగు తడిపి నా మొహం తుడిచింది.

"ఏమమ్మా, పాపకు ఒబ్బట్టు ముఖ్యమా, నువ్వు ముఖ్యమా?" అంది. అంత మెత్తగా ఆమె నన్ను ఎప్పుడూ అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికీ బలం చాల్లేదు. మిగతా ఒబ్బట్లు ఆమె కాల్చింది. అప్పటికే ఆమె కంట్లో పొర వచ్చింది, సగం మాడిపోయాయి. హేమ అన్నీ తినేసింది.

ఆ తర్వాత నుంచి మేమిద్దరం కలిసే వండేవాళ్ళం. బియ్యంలో రాళ్ళు, ఆకుల్లో పురుగులు చూడడం నా పని. ఎత్తడం, తిప్పడం, దించడం ఆమె పని. క్రమంగా నా ఒళ్ళు కుదుటపడింది. స్టెరాయిడ్ కొద్దికొద్దిగా తగ్గించి, దాని బదులు అజథయోప్రిన్ అనే మాత్ర ఇచ్చారు. ఒక ఏడాది దాటాక రెప్ప వాలడం అరుదైంది. మెత్తటి చపాతీ, బాగా అలసిపోని రోజున, చారులో నానబెట్టి తినగలిగాను. డాక్టరమ్మ "నాట్ క్యూర్డ్. కంట్రోల్డ్. ఆ తేడా మరిచిపోవద్దు" అన్నారు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు మా అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకర పోయింది. ఆసుపత్రిలో మింగడం సరిగా లేదని ముక్కుకు గొట్టం వేశారు. కొన్నాళ్ళకు తీసి, "మెత్తటివి నోటితో కొంచెం కొంచెం పెట్టి చూడండి, జాగ్రత్త" అని ఇంటికి పంపారు. ఎవరు పెడతారని నాగరాజు కంగారుపడ్డారు. నేను పెడతానన్నాను.

ఏది ఆమె గొంతు దిగుతుందో, ఏది నిలుస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నిటారుగా కూర్చోబెట్టి, వీపుకు రెండు దిండ్లు పెట్టి, గడ్డం కిందికి దించమనేదాన్ని. బాగున్న ఎడమ వైపు చెంచాతో పెట్టి, ఒక ముద్ద పూర్తిగా దిగిందాకా ఇంకొకటి పెట్టేదాన్ని కాదు. ఒక గిన్నెడు పొంగలి తినిపించడానికి చాలాసేపు పట్టేది. మధ్యలో నా చెయ్యి అలిసిపోతే మంచం పట్టె మీద ఆనించి ఆగేదాన్ని. ఆమె ఓపిగ్గా ఎదురుచూసేది. ఆమె మాట ముద్దముద్దగా వచ్చేది, మాకు అలవాటై అర్థమయ్యేది.

ఒకరోజు సగం గిన్నె అయ్యాక నోరు మూసుకుంది. ఇంకొంచెం తినమన్నాను. ఎడమ చెయ్యెత్తి గోడ గడియారం వైపు చూపించింది.

"నీ మాత్ర..." అంది. "టైమయ్యింది. పోయి యేసుకో. నేను యాడికీ పోను."

లేచి మాత్ర వేసుకుని వచ్చాను. ఆమె అలాగే దిండ్లకు ఆనుకుని, గడ్డం కిందికి దించుకుని కూర్చుని ఉంది. ఆ తర్వాత ఏడాది పైగానే బతికింది. ఆ ఏడాదిలో తిండి ఒక్కసారీ ఆమె ఊపిరితిత్తుల్లోకి పోలేదు. చివరికి ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. పక్క గదిలోంచి ఆమె మాట వినపడకుండా వంటింట్లో కూర్చోవడం నాకు అప్పుడు కొత్త.

ఇప్పుడు హేమ కుందలహళ్ళి దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తోంది. దూరమని అక్కడే స్నేహితురాళ్ళతో అద్దె ఇంట్లో ఉంటుంది. శనివారం వస్తుంది. నాగరాజు ఇంకా అదే కొట్లో ఉన్నారు. నేను రోజూ మూడు పూటలా పిరిడోస్టిగ్మిన్, పొద్దున ఒక చిన్న స్టెరాయిడ్ మాత్ర వేసుకుంటాను. పొద్దున వంట నాది. మధ్యాహ్నం తప్పకుండా పడుకుంటాను. సాయంత్రం ఇద్దరు ముగ్గురు పిల్లలకు, గొంతు సహకరించినంతసేపు, సోషల్ పాఠం చెబుతాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు జబ్బు మళ్ళీ తల ఎత్తుతుంది, మందులు మారుస్తారు, తగ్గుతుంది.

పోయిన వానాకాలం అలాగే అయింది. చిన్న జ్వరం వచ్చి, పొద్దున లేచేసరికి దవడ, గొంతు రెండూ సరిగా పనిచేయలేదు. ఊపిరి మాత్రం బాగానే ఉంది. నాగరాజు డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "పొద్దున మాత్ర మెత్తగా నూరి ఇవ్వండి, పని చేశాక కొంచెం జావ పెట్టండి, తర్వాత తీసుకురండి" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాగరాజు పొయ్యి వెలిగించింది కాఫీకి మాత్రమే. కానీ అంతకు కొన్ని నెలల ముందు, నాకు బాగున్న ఒక ఆదివారం, ఆయన్ను పక్కన నిలబెట్టి జావ కాయించాను. బియ్యం, పెసరపప్పు వేయించి పట్టించిన రవ్వ డబ్బా ఎక్కడుందో, ముందు చల్లటి నీళ్ళలో కలపాలని, ఉండ కట్టకుండా ఎలా తిప్పాలో, గరిటె నుంచి ఎలా జారితే సరిపోయిందో చూపించాను. అప్పుడు ఆయన నవ్వుతూనే నేర్చుకున్నారు. ఆ పొద్దున మాత్రం నవ్వలేదు. నేను మంచం మీంచి చూస్తున్నాను. ఒక్కటీ అడగకుండా మాత్ర నూరి ఇచ్చి, జావ కాచి, వడగట్టి, ఆరబెట్టి తెచ్చి, నా వీపుకు దిండు పెట్టారు. మెల్లగా గిన్నె ఖాళీ చేశాను. ఆ తర్వాతే ఆసుపత్రికి వెళ్ళాం, ఈసారి ఐ.సి.యు. దాకా పోలేదు.

ఇలాంటి జబ్బుతో బతుకుతున్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీరు బాగా లేని రోజున మింగగలిగే తిండి ఏదో తెలుసుకుని, దానికి కావలసినవి బాగున్న రోజే సిద్ధం చేసి పెట్టుకోండి. దాన్ని చెయ్యడం ఇంట్లో ఇంకొకరికి చేత్తో చేయించి నేర్పండి. రేపు చెబుదాంలే అనుకోవద్దు. ఎలా చెయ్యాలో చెప్పడానికి ఆ రోజు మీకు గొంతు ఉండకపోవచ్చు.